విద్యుదయస్కాంతత్వం: భావనల చరిత్ర

కదిలే విద్యుదావేశాల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. ఈ రెండింటినీ కలిపి వివరించే భౌతికశాస్త్ర శాఖ విద్యుదయస్కాంతత్వం. 19వ శతాబ్దం దాకా వేర్వేరుగా సాగిన రెండు అధ్యయనాలు 1820–1865 మధ్య ఒక్కటయ్యాయి.

సూదంటురాయి, దిక్సూచి

ఇనుమును లాగే సూదంటురాయి ప్రాచీన గ్రీకులకూ చైనీయులకూ తెలుసు. దారానికి వేలాడదీసిన అయస్కాంత సూది సరిగ్గా దక్షిణానికి కాక కొద్దిగా తూర్పుకు మొగ్గుతుందని 1088 ప్రాంతంలో షెన్ కువో రాశాడు. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయని, విరిచిన అయస్కాంతంలో ప్రతి ముక్కకూ రెండు ధ్రువాలుంటాయని 1269లో పెట్రస్ పెరెగ్రినస్ వివరించాడు.

1600లో విలియం గిల్బర్ట్ సూదంటురాయిని గోళంగా చెక్కించి, దాని మీద సూది తిరిగే తీరును గమనించి, భూమే ఒక అయస్కాంతమని తేల్చాడు. రుద్దిన అంబర్ గడ్డిపరకల వంటి తేలికైన వస్తువులను లాగుతుంది. సూదంటురాయి ఏ రాపిడీ లేకుండానే ఇనుమును లాగుతుంది. కాబట్టి ఇవి రెండూ వేరని ఆయన చెప్పాడు. రెండు బలాలూ దూరపు వర్గానికి విలోమంగా మారతాయని 1785 నుంచి సాగించిన కొలతల్లో చూపిన కూలుంబ్ కూడా వాటి మధ్య సంబంధం లేదనే భావించాడు.

1820: తీగ పక్కన సూది

1800లో వోల్టా తయారుచేసిన బ్యాటరీ నిలకడైన విద్యుత్ ప్రవాహాన్ని అందుబాటులోకి తెచ్చింది. 1820లో కోపెన్‌హాగన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ ప్రవాహమున్న తీగను దిక్సూచి సూదికి సమాంతరంగా పైన పట్టుకున్నాడు. సూది తీగ వైపు రాలేదు, దూరమూ జరగలేదు, అడ్డంగా తిరిగింది. ప్రవాహ దిశ మార్చినా, తీగను సూది కిందికి చేర్చినా అది ఎదురువైపు తిరిగింది. బలం తీగ చుట్టూ వలయంగా పనిచేస్తోందన్నమాట. రెండు వస్తువులను కలిపే సరళరేఖ వెంటే బలాలుంటాయని అలవాటుపడిన శాస్త్రజ్ఞులకు ఇది కొత్త.

కొద్ది వారాల్లోనే, ఒకే దిశలో ప్రవాహమున్న సమాంతర తీగలు ఆకర్షించుకుంటాయని, ఎదురు ప్రవాహాలైతే వికర్షించుకుంటాయని ఆంపియర్ చూపాడు. అయస్కాంతంలోనూ సూక్ష్మ ప్రవాహాలుంటాయని ప్రతిపాదించాడు. 1825లో విలియం స్టర్జన్ ప్రదర్శించిన విద్యుదయస్కాంతం సుమారు 4 కిలోలు ఎత్తింది. తీగకు బంధక పొర చుట్టి ఎక్కువ చుట్లు వేసిన జోసెఫ్ హెన్రీ, 1831 నాటికి 900 కిలోలకు పైగా ఎత్తించాడు.

ప్రేరణ

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఇనుప వలయానికి రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదాన్ని బ్యాటరీకి కలిపినప్పుడూ, విడదీసినప్పుడూ మాత్రమే రెండో చుట్ట దగ్గరి సూది కదిలింది; ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపూ కదల్లేదు. విద్యుత్తును ప్రేరేపించేది అయస్కాంతత్వం ఉండటం కాదు, మారడం. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. ప్రేరిత విద్యుత్తు తన పుట్టుకకు కారణమైన మార్పును ఎదిరిస్తుందని 1834లో లెంజ్ నియమం రూపొందించాడు.

సమీకరణాలు, తరంగాలు

ఫారడే ఊహించిన బలరేఖలకు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గణితరూపం ఇచ్చాడు. విద్యుత్, అయస్కాంత కొలతల నుంచి లెక్కించిన తరంగ వేగం కాంతి వేగంతో దాదాపు సరిపోయింది. దాంతో కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని ఆయన 1865లో ప్రచురించిన వ్యాసంలో వాదించాడు. 1887–88లో హైన్రిక్ హెర్ట్జ్ ఆ తరంగాలను ప్రయోగశాలలో పుట్టించాడు.

భారతదేశంలో

భూ అయస్కాంత క్షేత్రాన్ని నమోదుచేసే పని ముంబైలోని కొలాబా వేధశాలలో 1841లో మొదలైంది. నగర ట్రాములను విద్యుత్తుతో నడపాలని నిర్ణయించడంతో, ఆ ప్రవాహాలు కొలతలను చెడగొట్టకుండా 1904లో కొత్త వేధశాలను అలీబాగ్‌లో నెలకొల్పారు.

పదార్థం లోపల

వేడెక్కిన ఇనుము దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ వద్ద శాశ్వత అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది. ఇలాంటి మార్పులను 1895లో పియర్ క్యూరీ వివరంగా అధ్యయనం చేశాడు. ఇనుములో ఒకే దిశకు తిరిగిన చిన్న చిన్న ప్రాంతాలుంటాయని 1907లో పియర్ వీస్ ప్రతిపాదించాడు. ఆ దిశలను ఏకం చేసేదేమిటో 1928లో హైజెన్‌బర్గ్ క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు: ఎలక్ట్రాన్ల మధ్య విద్యుత్ వికర్షణే, క్వాంటం నియమాలకు లోబడి, పక్కపక్క పరమాణువుల ఎలక్ట్రాన్ స్పిన్‌లను ఒకే వైపుకు తిప్పుతుంది.