ప్రభుత్వ కాంట్రాక్టులు – విరుద్ధ ప్రయోజనాల నిషేధం (భారతదేశం)

ప్రజాధనంతో పని మంజూరు చేసేవారు ఆ పనిలో లాభం పొందకూడదన్న సూత్రంపై ఏర్పడిన నియమాలు. అధికారులకు ప్రవర్తనా నియమావళి, చట్టసభల సభ్యులకు ఎన్నికల చట్టం వర్తిస్తాయి.

పూర్వరంగం

ఖజానా సొమ్ము కాజేసే పద్ధతులను కౌటిల్యుడి అర్థశాస్త్రం నలభైగా లెక్కగట్టింది. అక్కడి నుంచి ఈస్టిండియా కంపెనీ కాలానికి వస్తే, 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టం గవర్నర్ జనరల్‌నూ కౌన్సిల్ సభ్యులనూ సొంత వ్యాపారం చేయవద్దంది. ఉద్యోగి తాను కొనకూడని ఆస్తికి సొంత పేరుతోనో, మరొకరి పేరుతోనో పాట పాడితే రెండేళ్ల వరకు జైలని 1860 నాటి శిక్షాస్మృతి 169వ సెక్షన్ చెప్పింది.

బీడీల కేసు

ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టులో వాటా ఉన్నవారిని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అనర్హులను చేసింది. తొలి సార్వత్రిక ఎన్నికలతోనే పేచీ మొదలైంది. భండారా నుంచి లోక్‌సభకు గెలిచిన చతుర్భుజ్ విఠల్‌దాస్ జసానీ, మూల్జీ సిక్కా అండ్ కంపెనీలో భాగస్వామి. ఆ సంస్థ సైనికుల కోసం క్యాంటీన్ స్టోర్లకు బీడీలు సరఫరా చేసేది.

సరుకు అందించినంత మాత్రాన కాంట్రాక్టు ముగియదనీ, ఇరుపక్షాలూ తమ బాధ్యత తీర్చుకునేదాకా, అంటే డబ్బు ముట్టేదాకా, అది నడుస్తున్నట్టేననీ 1954లో సుప్రీంకోర్టు తేల్చింది. జసానీ ఎన్నిక చెల్లలేదు. జస్టిస్ వివియన్ బోస్ రాసిన ఈ పదునైన తీర్పు లోపల ఒక చిక్కు దాగి ఉంది: సర్కారు బిల్లు పెండింగులో పెడితే, పని పూర్తిచేసిన కాంట్రాక్టరు కూడా పోటీకి పనికిరాడు.

ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1966లో చేర్చిన 9ఎ సెక్షన్ ఆ ముడి విప్పింది. అభ్యర్థి తన వంతు పని పూర్తిచేస్తే చాలు; బకాయి ఉన్నా అనర్హత లేదు.

గనుల లీజు సంగతి వేరు. అది ప్రభుత్వ పనుల కాంట్రాక్టు కిందికి రాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సి.వి.కె.రావు, దంతు భాస్కరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో కర్తార్ సింగ్ భడానా కేసులోనూ అదే మాట నిలిచింది.

అధికారులు

1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాల్లో 4వది సూటిగా ఉంటుంది. కుటుంబసభ్యులు పనిచేసే కంపెనీకి ఉద్యోగి కాంట్రాక్టు మంజూరు చేయరాదు. ఫైలును పై అధికారికి పంపాలి.

ఇటీవల

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత శిక్షాస్మృతిలోని రెండు నేరాలను, అంటే ఉద్యోగి అక్రమంగా వ్యాపారం చేయడాన్నీ, కొనకూడని ఆస్తికి పాట పాడటాన్నీ, 202, 203 సెక్షన్లుగా కొనసాగించింది. అక్రమంగా వ్యాపారం చేసిన ఉద్యోగికి జైలు, జరిమానాలతో పాటు సమాజ సేవను కూడా శిక్షల్లో చేర్చింది.