పెళ్లి తాళంచెవి ఎవరి దగ్గరుంది?



"అన్నా, మగోళ్లు మగోళ్లు, ఆడోళ్లు ఆడోళ్లు చేసుకునే పెళ్లిళ్లతోని మనకేం పని? మన గోసలే మనకు సాలవా? అదంతా పెద్దకులాలోళ్ల, ఐటీ కంపెనీలోళ్ల ముచ్చట" అన్నాడు ఉస్మానియాలో చదివే ఒక తమ్ముడు. తమ్ముడూ, ఈ మాట నీకంటే ముందు ఎవరన్నారో తెలుసా? 2023లో కేంద్రంలోని బీజేపీ ప్రభుత్వం సుప్రీంకోర్టులో అంది. ఈ పిటిషన్లు పట్టణ ఉన్నత వర్గాల అభిప్రాయాలంటూ అఫిడవిట్‌లో రాసింది. మన నోట్లోనూ, వాళ్ల కాగితంలోనూ ఒకే మాట ఎట్లా వచ్చింది? ఈ భాగంలో అది చూద్దాం.

ముందు కేసు సంగతి. 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఈ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంట: సుప్రియో, అభయ్. వాళ్లు గుడిలో పెళ్లి అడగలేదు, మసీదులో నిఖా అడగలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లిని నమోదు చేయమన్నారు. కులం దాటి, మతం దాటి పెళ్లి చేసుకునే మన పిల్లలు చాలామంది పట్టుకునే చట్టం కూడా ఇదే.

2023 ఏప్రిల్‌లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, మణిపూర్, సిక్కిం గడువు కావాలన్నాయి. అస్సాం, రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్ వద్దన్నాయి. అప్పుడు అస్సాంలో బీజేపీ, రాజస్థాన్‌లో కాంగ్రెస్, ఆంధ్రలో వైసీపీ ప్రభుత్వాలు. ఎన్నికల్లో ఒకరి ముఖం ఒకరు చూడని మూడు పార్టీలు ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడ్డాయి. ఆంధ్ర ప్రభుత్వం మతపెద్దలను అడిగి, వాళ్లు వద్దన్నారని రాసింది. జవాబిచ్చిన ఏడింటిలో మన తెలంగాణ లేదు.

పార్టీల మధ్య తేడాలే లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. కానీ ఆ తేడాలు అధికారంలోకి రాగానే ఏమవుతాయో చూడాలి. 377వ సెక్షన్ మీద ఢిల్లీ హైకోర్టులో వాదనలు నడిచినప్పుడు యూపీఏ ప్రభుత్వం రెండు నాలుకలతో మాట్లాడింది. హోంశాఖ ఆ సెక్షన్ ఉండాలంది. ఎయిడ్స్ నివారణ పనికి అది అడ్డమని ఆరోగ్యశాఖ వైపు నుంచి చెప్పారు. 2009 జులై 2న హైకోర్టు ఆ సెక్షన్ కోరలు పీకింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు మళ్లీ తగిలించింది. అప్పుడు సోనియా, రాహుల్ ఆ తీర్పును తప్పుబట్టారు. బీజేపీ అధ్యక్షుడు రాజ్‌నాథ్ సింగ్ 377ను సమర్థించారు. తేడా స్పష్టంగానే ఉంది కదా? మరి 2015 డిసెంబరు 18న ఏమైంది? 377ను సవరించాలని శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టబోయారు. ప్రవేశపెట్టడానికే ఓటింగ్ జరిగింది. వద్దని 71 మంది, సరేనని 24 మంది, తటస్థంగా ఒకరు. 543 మంది ఉండాల్సిన సభలో ఓటేసింది వందమంది కూడా కాదు! చర్చ కూడా జరగకుండానే బిల్లు గుమ్మంలోనే ఆగిపోయింది. 2016 మార్చిలో మళ్లీ ప్రయత్నిస్తే 58 మంది వద్దన్నారు, 14 మంది అవునన్నారు. చివరికి 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే ఆ పని చేసింది. అప్పుడు కేంద్రం అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నామంది.

ఇంత దాకా చదివిన తమ్ముడు "అయితే మనకేంటి?" అనొచ్చు. ఇక్కడే అసలు కథ ఉంది.

1871లో ఇంగ్లీషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తెగలకు తెగలనే పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసింది ఆ చట్టమే అని మనందరికీ తెలుసు. కానీ దానికి రెండో భాగం కూడా ఉంది. అది హిజ్రాల మీద. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే శిక్షించాలి. ఒకే చట్టం, ఒకే పోలీసు, ఒకే రిజిస్టర్. పుట్టుకను నేరం చేసినవాడే వేషాన్నీ నేరం చేశాడు.

నేనుండే సికింద్రాబాద్ అప్పట్లో ఇంగ్లీషోళ్ల కంటోన్మెంట్. హుస్సేన్‌సాగర్ ఇవతల వాళ్ల చట్టం, అవతల నిజాం చట్టం. నిజాం ప్రభుత్వం కూడా 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద అలాంటి చట్టమే చేసింది. ఆడబట్టలు కట్టుకుని వీధిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. నిజాం పోయాడు. కాంగ్రెస్ వచ్చింది, తెలుగుదేశం వచ్చింది, ప్రత్యేక రాష్ట్రం వచ్చింది, టీఆర్ఎస్ వచ్చింది. ఏ అసెంబ్లీ కూడా ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. పైగా రాష్ట్రం వచ్చాక దాని పేరు ముందు "తెలంగాణ" అని తగిలింది! వైజయంతి వసంత మొగిలి తదితరులు హైకోర్టుకు వెళితే, 2023 జులైలో కోర్టు దాన్ని కొట్టేసింది. నూట నాలుగేళ్లు.

ఏటా ఆషాఢంలో మా ఉజ్జయినీ మహంకాళి బోనాలకు అన్ని పార్టీల నాయకులూ వస్తారు. శివసత్తుల పూనకాలు చూస్తారు. బోనమెత్తిన హిజ్రాలతో ఫోటోలు దిగుతారు. పచ్చికుండ మీద నిలబడి జోగిని చెప్పే రంగం భవిష్యవాణికి తలలు వంచుతారు. దేవుడికిచ్చి పెళ్లి చేసి, మనిషిని పెళ్లాడే హక్కు లేకుండా చేసిన ఆడబిడ్డలు ఎవరి ఇళ్లలో పుట్టారు? మన మాదిగ, మాల వాడల్లోనే కదా! అందుకే భాగ్యరెడ్డి వర్మ ఆ ఆచారం మీద పోరాడాడు. పెళ్లి ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న తాళంచెవి ఎప్పుడూ పైవాళ్ల మొలతాడుకే ఉంది. ఎవరి బిడ్డ ఎవరిని చేసుకుంటుందో అదుపు చేయకపోతే కులం ఒక్క తరం కూడా నిలవదని బాబాసాహెబ్ మనకు చెప్పింది ఇదే.

తేదీలు చూడండి. 377 తీర్పు వచ్చింది 2018 సెప్టెంబరు 6న. ఇష్టపడినవాళ్లను ఎంచుకునే హక్కు రాజ్యాంగంలో ఉందని దేశమంతా రంగుల జెండాలు ఎగిరాయి. సరిగ్గా ఎనిమిది రోజులకు, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ఒక దళిత యువకుడిని ఆసుపత్రి ముందు, గర్భిణి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. ఎంచుకున్నందుకే. ఈ రెండూ వేరువేరు వార్తలని మనకు ఎవరు నేర్పారు?

ప్రత్యేక వివాహ చట్టంలో ముప్పై రోజుల నోటీసు నిబంధన ఉంది కదా. మన పిల్లల పేర్లు, అడ్రసులు ఆఫీసు గోడకెక్కి, అక్కడి నుంచి కులపెద్దల చేతికి చేరేది దానివల్లే. ఈ స్వలింగ వివాహ పిటిషన్లలో కొన్ని ఆ నోటీసును కూడా సవాలు చేశాయి. "పెద్దకులాల ముచ్చట" అనుకున్న కేసులో మన పిల్లల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న ఉంది. మనం చూడలేదు.

బాబాసాహెబ్ చూసేవాడు. 1934లో బొంబాయిలో ర.ధో. కర్వే అనే సంస్కర్త తన పత్రికలో పాఠకుల లైంగిక సందేహాలకు దాపరికం లేకుండా జవాబులు రాస్తే అశ్లీలత కేసు పెట్టారు. ఆ సందేహాల్లో స్వలింగ సంబంధాలవీ ఉన్నాయి. కర్వే తరఫున కోర్టులో నిలబడిన వకీలు అంబేద్కర్. కేసు ఓడిపోయారు, నిలబడటం మాత్రం మానలేదు.

హిందూ కోడ్ బిల్లు గుర్తు తెచ్చుకోండి. "సమయం రాలేదు", "సంప్రదాయం కూలిపోతుంది", "ముందు ప్రజల తీర్పు కావాలి". ఆనాటి ఈ మాటలు ప్రతిపక్షానివి మాత్రమే కావు. సొంత కాంగ్రెస్ లోపలి నుంచీ, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ నుంచీ వచ్చాయి. 1951లో బిల్లు ఆగింది, బాబాసాహెబ్ మంత్రి పదవి వదిలేశాడు. ఇప్పుడు 2023 అఫిడవిట్లు చదవండి. అవే మాటలు!

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. పౌర బంధానికైనా గుర్తింపు ఇవ్వాలా అన్నదాని మీద 3-2గా చీలి, అదీ లేదన్నారు. పార్లమెంటు చూసుకోవాలన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. తీర్పు రాగానే మజ్లిస్ నేత అసదుద్దీన్ ఒవైసీ, పెళ్లంటే స్త్రీపురుషుల మధ్యే అన్నది తన విశ్వాసమని చెప్పారు. ఈ ఒక్కచోట ఆయనా బీజేపీ ఒకే వైపు. స్వలింగ జంటలకు పెళ్లితో సమానమైన గుర్తింపు కావాలని సీపీఎం తన ప్రణాళికలో రాసుకుంది. కాంగ్రెస్ 2024 మేనిఫెస్టోలో విస్తృత సంప్రదింపుల తర్వాత పౌర బంధాల చట్టం తెస్తామంది. రాజస్థాన్‌లో ఏడాది కిందట వద్దన్నదీ ఈ పార్టీయే.

కోర్టు పార్లమెంటు వైపు చూపిస్తుంది, పార్లమెంటు కోర్టు వైపు చూపిస్తుంది. మధ్యలో మనుషులున్నారు. డబ్బున్న జంటకు వీలునామా రాసే వకీలుంటాడు, విదేశం పోయే వీసా ఉంటుంది. ఊరి నుంచి పారిపోయి బస్తీలో ఒక్క గదిలో బతికే ఇద్దరు కూలి ఆడపిల్లలకు ఏముంటుంది? "మా బిడ్డ తప్పిపోయింది" అని ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు వస్తారు. 2024 ఆగస్టులో కేంద్రం, స్వలింగ జంటను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు రాసింది. చిన్న కాగితమే, కానీ ఆకలితో ఉన్నవాళ్లకు పనికొచ్చే కాగితం. మన మండలంలో అది అమలవుతోందా అని ఎవరైనా అడిగారా?

అందుకే విద్యార్థి మిత్రులారా, రేపు మీ హాస్టల్‌కు, మీ బస్తీకి ఏ పార్టీవాళ్లు వచ్చినా "మీరు అనుకూలమా, వ్యతిరేకమా" అని అడిగి ఊరుకోకండి. దానికి జవాబు గాలివాటం. మూడు అడగండి. ముప్పై రోజుల నోటీసు తీసేస్తారా? ఇల్లు వదిలి వచ్చిన జంటకు, కులం దాటినా లింగం దాటినా, ప్రభుత్వ రక్షణ గృహం ఇస్తారా? రేషన్ కార్డు ఉత్తర్వును తహశీల్దారు ఆఫీసు దాకా తెస్తారా? జవాబు రాసి ఇమ్మనండి.

మన నోట్లోకి వాళ్ల అఫిడవిట్ మాట ఎట్లా వచ్చిందన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది: ఎవరి పెళ్లి న్యాయమైనదో చెప్పే అధికారం మనల్ని కూడా ఎంతో కొంత పెంచింది. ఆ మాట దించుకోవడం కూడా కుల నిర్మూలనలో భాగమే.

వచ్చే భాగంలో హిందూ కోడ్ బిల్లు చర్చలో ఎవరేమన్నారో వివరంగా చూద్దాం.

జై భీమ్.