ఖరగ్‌పూరు కూడలిలో తేనీరు

ఖరగ్‌పూరు రైలు కూడలిలో బండి ఆగగానే ప్రయాణికుని చెవిని బడునది తేనీరు అమ్మువాని కేక. పొగలు గ్రక్కు కెటిలు ఒక చేత, మట్టిముంతల దొంతర వేరొక చేత పట్టుకొని అతడు కిటికీ వెంట కిటికీ తిరుగుచుండును. ఆ కేక వినినవారు ఇది అనాదిగా వచ్చుచున్న ఆచారమనియే తలంతురు. నిజమునకు ఆ స్టేషను కంటెను ఈ అలవాటే చిన్నది. అది తనంతట పుట్టినదియు కాదు. తోటల యజమానులు సభలు చేసి, లెక్కలు కట్టి, సొమ్ము పోగుచేసి జనులకు నేర్పిన అలవాటు.

బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. 1900లో కోలాఘాటు కడ రూపనారాయణ నదిపై వంతెన పూర్తియైన పిమ్మట హౌరా నుండి ఖరగ్‌పూరునకు నేరుగా బండ్లు నడచినవి. ఒకవైపు నాగపూరు మార్గము, వేరొకవైపు విశాఖపట్టణమునకు పోవు తూర్పుతీరపు మార్గము ఇచ్చట కలియుటచే గొప్ప కర్మాగారము వెలసినది. దీని ప్లాట్‌ఫారము చాలకాలము ప్రపంచమున అతి దీర్ఘమైనదని పేరొందెను. 2013లో గోరఖ్‌పూరు దానిని మించినది. కర్మాగారపు పనికిని, దారి పనికిని గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి తెలుగువారు పెద్దయెత్తున వచ్చి స్థిరపడిరి. నింపురా, మథురాకాటి పేటలలో నేటికిని తెలుగు వినబడుచున్నది. చోడి అంబలియో, గంజియో త్రాగి పనికి పోవు నాటి నుండి వచ్చినవారు వీరు. ఇట్టి వారి దప్పికయే తేయాకు వర్తకులకు అంగడిగా కనబడెను.

అస్సాములో తేయాకు తోటలు 1830 తరువాత వెలసినవి. కాని ఆ ఆకు దాదాపుగా అంతయు ఓడలెక్కి లండనుకే పోవుచుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివర పంట పెరిగి ధర పడిపోగా యజమానులకు దేశములోని జనము జ్ఞాపకమునకు వచ్చిరి. వారి కోరికపైననే కర్జను ప్రభువు పాలనలో 1903లో తేయాకు సుంకపు చట్టము వచ్చినది. ఎగుమతియగు తేయాకుపై పౌను ఒక్కింటికి పావు పై సుంకము. రూపాయికి 192 పైలు గనుక 768 పౌనుల ఆకు ఓడ ఎక్కినగాని ఒక్క రూపాయి రాలదు. అయినను ఓడలెక్కు ఆకు కోట్ల పౌనులు గనుక నిధి త్వరలోనే నిండెను. తమ సరకుపై తామే పన్ను వేయుమని ప్రభుత్వమును వేడిన వర్తకులు అరుదు. ఆ సొమ్ము అంతయు తేనీరు త్రాగుటను ప్రచారము చేయుటకే వినియోగింపబడవలెనని నియమము.

ఆ ప్రచారము రైలుదారిని పట్టుకొనుటలో ఆశ్చర్యము లేదు. బంగాళమునందును పంజాబునందును ముఖ్యమైన కూడళ్ల కడ చిల్లర గుత్తదారులకు కెటిళ్లు, కప్పులు, తేయాకు పొట్లములు సమకూర్చి నిలిపిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున గనులలో, నూలుమిల్లులలో, ఫ్యాక్టరీలలో టీ దుకాణములు తెరచి, పనివారికి నడుమ కొంత విరామము ఇమ్మని మేనేజర్లను ఒప్పించిరి. అలసిన కూలివాడు పారిపోలేని గిరాకి అని వారు బాగుగా ఎరుగుదురు. పేదవాని చేతికందునట్లు పైసా పొట్లములు పుట్టినవి. స్టేషను గోడలపై ఎనామెలు రేకులు వెలసినవి: నీరు ఎట్లు మరిగించవలెను, ఆకు ఎంత వేయవలెను, ఎంతసేపు మూతపెట్టి ఉంచవలెను అని బొమ్మలతో సహా దేశభాషలలో పాఠము. అంతటితో ఆగిరేని దానిని వర్తకుని నేర్పు అని మెచ్చుకొనవచ్చును. కాని తేనీరు జ్వరములను దూరము చేయుననియు, ఒంటికి బలము కూర్చుననియు కూడ బంగాళమున ప్రకటించిరి. మలేరియాతో పల్లెలు పాడుపడుచున్న దేశమున ఆ మాట చెప్పుట చిన్న విషయము కాదు.

దీనికి ఎదురు చెప్పినవారును ఉండిరి. రసాయనశాస్త్రజ్ఞుడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ తేనీటిని విషముతో పోల్చి వ్రాసెను. బెంగాల్ కెమికల్ కంపెనీని స్థాపించి మందులు అమ్మినవాడు గనుక వ్యాపారమనిన ఆయనకు ద్వేషము లేదు. సరకు గుణమునకు మించి చెప్పుటయే ఆయనకు గిట్టనిది. గాంధీ ఆగాఖాన్ భవనపు నిర్బంధములో ఆరోగ్యమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథమున తేయాకులోని టానిను హానికరమని చెప్పెను. ఇరువురును కొంత అతిగా భయపడిరని నేటి వైద్యులు అనవచ్చును. అంతమాత్రమున గోడమీది రేకు చెప్పినది నిజము కాజాలదు.

పానీయమును అమ్మువారి బాధ్యత త్రాగువానితోనే ముగియదు. గంజాము, విశాఖపట్టణము మన్యముల నుండి అస్సాము తోటలకు కూలీలను చేర్చుకొని సర్దారులు తీసికొనిపోయినదియు ఈ రైలుదారినే. ఖరగ్‌పూరున దిగిన తెలుగువాడు రైల్వే కార్మికుడయ్యెను. దిగక ముందుకు సాగినవాడు తోటకూలి అయ్యెను. ఒప్పందము తప్పిన కూలిని శిక్షించు చట్టములు ఇరువదవ శతాబ్దిలోనికిని సాగినవి. 1921 మే నెలలో సుర్మాలోయలోని చర్గోలా తోటల నుండి వేలాది కూలీలు చాలని కూలి సహింపజాలక స్వస్థలములకు బయలుదేరిరి. వారిలో పెక్కురు ఉత్తరదేశమువారు. చాందుపూరు రైలుస్టేషనులో పడియున్నవారిని మే 20 రాత్రి గూర్ఖా సిపాయిలు కొట్టి తరిమిరి. వెంటనే కలరా వ్యాపించెను. కూలీలపై జాలితో అస్సాం బెంగాల్ రైల్వే కార్మికులు సమ్మెకట్టిరి. అలుపు తీర్చునని స్టేషను గోడలపై వ్రాయించిన వారి తోటల నుండియే అలసి పారిపోయి వచ్చినవారు ఒక స్టేషనులో దెబ్బలు తినిరి. తోటకూలీలకు ఇల్లు, వైద్యము, త్రాగునీరు సమకూర్చుట యజమానుల విధియని శాసించిన చట్టము 1951లో గాని రాలేదు.

ఆర్థికమాంద్యమున 1933లో అంతర్జాతీయ ఒడంబడిక ఎగుమతులకు హద్దు విధింపగా స్వదేశపు అంగడి అవసరము హెచ్చెను. 1937లో సుంకపు సంఘము ‘భారత తేయాకు విపణి విస్తరణ మండలి’ అను పేర మారినది. రెండవ యుద్ధమున దాని మోటారు బండ్లు సైనికులకు తేనీరు పంచినవి. 1947లో చిత్రకారుడు అన్నదా మున్షీ ఆ మండలికి వేసిన ప్రకటనలో రాట్నము ముందు కూర్చున్న స్త్రీయు, తేనీటి కప్పును కనబడును. తేయాకు నూటికి నూరుపాళ్లు స్వదేశీ అని దాని ప్రకటన. విదేశీ పెట్టుబడితో పెరిగి, ఖద్దరు ధరించినవారిచే తిట్లుతిన్న సరకు ఆ ఖద్దరు నీడనే చేరినది! ప్రచారకళ చాతుర్యమును ఇంతకంటె చూపు ఉదాహరణము దొరకుట కష్టము.

ఒక్క విషయమున మాత్రము కంపెనీ పాఠము ఓడిపోయినది. ఆకును వేడినీటిలో నానబెట్టి, పాలు తగుమాత్రము పోయుమని బోధకులు చెప్పిరి. అమ్ముకొనువాడు ఆకు తగ్గించి, పాలు చక్కెరలు దండిగా పోసి, అల్లము దంచివేసి తెర్లకాచెను. ఆకు ఖర్చు తగ్గునని బోధకులు కోపించిరి. ఆకలిగొన్న కార్మికునికి మాత్రము ఆ పాలు చక్కెరలే ముఖ్యము. 1930 ప్రాంతమున అస్సాములో పుట్టిన సి.టి.సి. యంత్రము 1950 తరువాత వ్యాపించి, నలిపి ఉండలు చేసిన చవుక ఆకు తక్కువ పరిమాణముననే చిక్కని రంగు దింపగా, కంపెనీలే ఆ వీథి రుచికి లొంగివచ్చినవి. నేడు దేశమున పండు తేయాకులో సుమారు ఐదింట నాలుగు వంతులు ఇచ్చటనే ఖర్చగుచున్నది.

2004లో రైల్వేమంత్రి స్టేషనులలో మట్టిముంతలనే వాడవలెనని ఆజ్ఞాపించెను. కుమ్మరులకు కొంతకాలము పని దొరకినది. పిమ్మట కాగితపు కప్పులు చాలచోట్ల వాని స్థానము నాక్రమించినవి. బంగాళమున మాత్రము ముంతలో త్రాగినదే తేనీరను పట్టుదల గలవారు ఇంకను ఉన్నారు. త్రాగి, ముంతను పట్టాలపై విసరి, కూత వేసిన బండి ఎక్కుదురు.