ఇరువదితొమ్మిది స్థానముల సంఖ్య

సూరతు నగరమున గోపీపురాలో ఒక ఆగమమందిరము కలదు. జైనాచార్యులు సాగరానందసూరిగారి ప్రేరణచే ఇరువదవ శతాబ్ది నడుమ వెలసిన ఆ మందిరమున శ్వేతాంబరుల 45 ఆగమములను రాగిరేకులపై చెక్కించి నిలిపినారు. వర్తకమునకు పేరుపడిన ఊరిలో లెక్కలకు కొదువ యుండదు. కాని ఆ ఆగమములలో నొకటియైన అనుయోగద్వార సూత్రమునందలి ఒక లెక్క ఏ వర్తకుని ఖాతాలోను ఇమడదు.

మనుష్యులు మిక్కిలి తక్కువగా నున్నప్పుడు ఎందరుందురు? ఇది జనాభా లెక్క కాదు, లోకస్వరూప విచారము. సూత్రము నాలుగు విధముల ఉత్తరమిచ్చుచున్నది. ఆ సంఖ్య 29 స్థానములను ఆక్రమించును. ఎనిమిదేసి స్థానములను ఒక యమలపదముగా నెంచినచో అది మూడవ యమలపదమునకు పైన, నాలుగవదానికి క్రింద నుండును. రెండు మొదలుకొని వచ్చు వర్గములలో ఆరవదానిని ఐదవదానితో గుణింపగా అది లభించును. దానిని 96 మార్లు సగము చేయవచ్చును.

సరిచూతము. రెండు వర్గము 4, వరుసగా 16, 256, 65536, ఐదవది 4294967296, ఆరవది 18446744073709551616. ఈ కడపటిది తెలుగువారికి పరాయిది కాదు. చదరంగపు 64 గళ్లలో గింజలను ఇబ్బడిగా పెంచుచు పోగా వచ్చు మొత్తమును భూతసంఖ్యలతో చెప్పిన పద్యము పావులూరి మల్లనదిగా మనలో ప్రసిద్ధము. ఆ మొత్తము ఈ ఆరవ వర్గమునకు ఒక్కటి మాత్రమే తక్కువ. ఐదు, ఆరు వర్గముల లబ్ధము 79228162514264337593543950336. అంకెలు సరిగా 29.

ఈ నాలుగు లక్షణములును సమానబలము కలవి కావు. యమలపదముల మాట స్థానముల మాటలోనే ఇమిడియున్నది. గుణకారము ఒక్కటే సంఖ్యను తానుగా నిర్ణయించును. 96 మార్లు సగము చేయదగిన సంఖ్యలకు అంతు లేదు; కాని వానిలో 29 స్థానములకు మించనిది ఇదొక్కటే. దీనిని రెట్టించినచో 30 స్థానములగును. కావున మొదటి లక్షణము, చివరిది కలిసి సంఖ్యను పట్టియిచ్చుచున్నవి. సగము చేయు మార్ల లెక్కను సూత్రము ఛేదనకమన్నది. ధవళాటీకలో వీరసేనుడు దానినే అర్ధచ్ఛేదమన్నాడు. నేడు మనము రెండు ఆధారముగా గల సంవర్గమానమందుము. ఆరవ వర్గమునకు 64, ఐదవదానికి 32, కూడగా 96.

విభూతిభూషణ దత్తు 1929లో జైన గణితమును గూర్చి వ్రాసిన నాటినుండి ఈ స్థానశబ్దము పండితుల దృష్టి నాకర్షించినది. సూత్రకారుడు సంఖ్యను స్థానములుగా భావించినాడనుట స్పష్టమే. అంతమాత్రముచే నేటివలె అంకెలు పేర్చి వ్రాసినాడని చెప్పుట సాహసము. సూత్రము చూపినది అంకెల వరుసను కాదు, దానిని చేరు త్రోవను.

ఇక వర్గీకరణము. జైనులు సంఖ్యలను సంఖ్యాతము, అసంఖ్యాతము, అనంతము అని విభజించిరి. ఒకటి లెక్కలోనికి రాదు. రెండు జఘన్య సంఖ్యాతము. అసంఖ్యాతములు తొమ్మిది, అనంతములు ఈ సూత్రము ప్రకారము ఎనిమిది. పదునొకండవ శతాబ్దిలో మల్లన తెనిగించిన మహావీరాచార్యుని గణితమున స్థాననామములు 24, చివరిది మహాక్షోభము. దానికి ఇంకను ఐదు స్థానముల పైనున్న మన సంఖ్యకు ఆ పట్టికలో పేరు లేదు. ఐనను అది అసంఖ్యాతపు గడప త్రొక్కలేదు. మూడు, నాలుగు చేరిన మధ్యమ సంఖ్యాతముననే అదియు చేరినది.