బల్లమీది యుద్ధం, నేలమీది యుద్ధం: చందుర్తి నుంచి జలుమూరు దాకా

కీలకపదాలు: యుద్ధక్రీడ, ఉత్తర సర్కారులు, చందుర్తి, బొబ్బిలి, పర్లాకిమిడి, ఉద్దానం

1. ప్రవేశిక

జరిగిపోయిన యుద్ధాన్ని ఒక బల్లమీద బొమ్మ సైనికులతో, కొలబద్దతో, పాచికలతో మళ్లీ నడిపించి చూడటాన్ని వార్‌గేమింగ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని యుద్ధక్రీడ అని వ్యవహరిస్తున్నాను. మనకు చతురంగం ఉంది, అరుగుల మీద గీసుకునే పులిజూదం ఉంది. అయితే ఆ రెండింటిలోనూ నేల లేదు. చతురంగపు గడుల మధ్య ఏరు అడ్డుపడదు, చేను చూపును కమ్మదు. ఆటలోకి నేలను ప్రవేశపెట్టిన ప్రయత్నాలలో ముఖ్యమైనది ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824లో రూపొందించిన క్రీగ్‌స్పీల్. అందులో కొలతలు గల పటం, పాచికలు, తీర్పరి ఉంటాయి. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి దీనిని ఇంటి వసారాలోకి తెచ్చాడు. 1962లో వెలువడిన డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ పుస్తకంతో చారిత్రక యుద్ధాలను బల్లమీదికి తెచ్చే అభిరుచి బ్రిటన్‌లో బాగా విస్తరించింది.

చరిత్ర విద్యార్థికి ఈ క్రీడ ఇచ్చే ఫలితాలతో పని లేదు. పాచిక ఎటు పడితే అటు గెలుపు. పనికివచ్చేది బొమ్మను బల్లమీద నిలబెట్టే ముందు తప్పనిసరిగా వేసుకోవలసిన ప్రశ్నలు: ఎందరు, ఎంత వెడల్పున, ఏ రంగు బట్టల్లో, ఎవరికి కనబడుతూ నిలిచారు? వచనంలో దాటవేయగలిగిన వాటిని బల్ల దాటనివ్వదు.

2. చందుర్తి: రంగు, చేను

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషు సైన్యం, కాన్‌ఫ్లాన్ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యం తలపడ్డాయి. ఇంగ్లీషు చరిత్రలలో ఇది కాండోర్ యుద్ధం. రాబర్ట్ ఓర్మ్ ఇచ్చిన లెక్క ప్రకారం ఫోర్డ్ వద్ద సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. విజయనగరం ఆనంద గజపతిరాజు అతని పక్షాన దాదాపు 5,000 మంది కాల్బలంతో, 500 గుర్రాలతో వచ్చాడు. ఎదుట సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు.

ఇరవై మందికి ఒక బొమ్మ చొప్పున లెక్కిస్తే ఫోర్డ్ యూరోపియన్లకు ఇరవై నాలుగు బొమ్మలు చాలు. సిపాయిలకు తొంభై అయిదు, ఆనందరాజు కాల్బలానికి రెండు వందల యాభై. ఇక్కడే మొదటి చిక్కు. ఫోర్డ్ తెచ్చిన బెంగాలు సిపాయిలు ఎర్రకోట్లు తొడిగారు. ఫ్రెంచివారు వారినే యూరోపియన్ దళమనుకొని అటు దాడి మళ్లించారు. అసలు యూరోపియన్లు ఏపుగా పెరిగిన చేను వెనుక కనబడకుండా ఉన్నారు. సిపాయిలు చెదిరి, వారిని తరుముతూ ఫ్రెంచి పంక్తి సడలిన సమయాన చేను చాటునుండి బయటపడి పక్కనుంచి కాల్చారు. యుద్ధం అక్కడ తిరిగింది. బొమ్మకు వేసే రంగు అలంకారం కాదనడానికి ఇంతకన్న దాఖలా అక్కరలేదు.

ఆ చేను సంగతి కూడా చూడాలి. 470 మంది మూడు వరుసల్లో నిలబడితే, మనిషికి రెండడుగుల చోటు చొప్పున, పంక్తి పొడవు దాదాపు మూడు వందల అడుగులు. అంత మేరా మనిషిని దాచే ఎత్తున పైరు ఉండాలి. ఓర్మ్ వాడిన ఇంగ్లీషు మాటను మొక్కజొన్న అని అనువదించడం తొందరపాటని నా అభిప్రాయం. ఆ కాలపు సర్కారు మెట్టలో నిలువెత్తు పెరిగే పైరంటే ముందు తలవలసింది జొన్నను.

మరి రెండు వందల యాభై బొమ్మల మాట? ఇంగ్లీషు పక్షంలో అత్యధికులు తెలుగు నేల మనుషులే. అయినా ఓర్మ్ వర్ణనలో వారు నాసిరకం తుపాకులు, ఈటెలు, విల్లంబులు పట్టిన గుంపు. క్రీడకు నియమావళి రాసేవారు ప్రతి దళానికీ స్థైర్యాన్ని సూచించే ఒక అంకె ఇవ్వాలి. ఆనందరాజు దళానికి ఇచ్చే అంకె ఎక్కడినుంచి వస్తుంది? ఓర్మ్ విశేషణం నుంచే. గ్రంథంలో అభిప్రాయంగా ఉన్నది బల్లమీద గణితమై కూర్చుంటుంది. ఆ దళం పారిపోయిన ప్రతిసారీ నియమం నిజమైనట్టు కనిపిస్తుంది.

3. బొబ్బిలి: ఆగవలసిన చోటు

1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధానికి వివరాల కొరత లేదు. బుస్సీ ఫిరంగులు, కోట గోడ, రంగారాయుడు, తాండ్ర పాపారాయుడు అందరూ ఎరిగినవే. కాని బొబ్బిలి కథ వినేవారికి అంతం ముందే తెలుసు. ఆ తెలియడంలోనే దుఃఖం ఉంది. యుద్ధక్రీడకు ప్రాణం అంతం తెలియకపోవడం. కోటలోపల స్త్రీలూ పిల్లలూ చనిపోయిన ఘట్టానికి పాచిక వేయడం తగదు. గోడ బద్దలైన ఘడియ వరకే ఈ పద్ధతికి అక్కడ అధికారం.

4. జలుమూరు: రంగు పడని బొమ్మలు

ఇక టెక్కలికి చేరువనున్న జలుమూరు. 1766లో నిజాం ఉత్తర సర్కారులను కంపెనీకి ఒప్పగించాక పర్లాకిమిడి రాజు నారాయణదేవు తలవంచలేదు. 1768లో కర్నల్ పీచ్ దండు తీసుకువెళ్లి జలుమూరు వద్ద అతనిని ఓడించాడు. గెజిటీరు కథనం ఒక్క వాక్యంతో సరి. చందుర్తికి చేను ఎత్తు కూడా దక్కింది. జలుమూరుకు దక్కింది విజేత పేరు, సంవత్సరం, ఊరు.

అయినా బల్ల సిద్ధం చేయబూనితే నేల కొంత చెబుతుంది. ఒక పక్క వంశధార, ఉత్తరాన మహేంద్రగిరి వైపు సాగే కొండలు. టెక్కలి, పలాస, మందస మీదుగా గంజాం వెళ్లే దారి కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుకు పట్టీ. నేటి రైలు, జాతీయ రహదారి కూడా ఆ పట్టీనే పట్టుకొని పోతున్నాయి. శ్రీకాకుళాన్నీ గంజాన్నీ కలపదలచిన కంపెనీకి, పక్క కొండల్లో లొంగని రాజు ఉండడం ఎందుకు సహింపరానిదో పటం మీదకన్నా దిమ్మెలతో కొండలు పేర్చినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉద్దానం అనగానే కళ్లకు కట్టే జీడితోటలను 1768 బల్లమీద నాటకూడదు; పలాస చుట్టూ ఆ సాగు, వ్యాపారం ఇరవయ్యో శతాబ్దంలో విస్తరించినవి. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు ముందటి ఉద్దానం, తరువాతి ఉద్దానం ఒక్కటి కాదని అక్కడి రైతులకు తెలుసు. ఒక్క రాత్రిలో కొబ్బరితోటల ఆకాశరేఖ మారిపోయింది. రెండున్నర శతాబ్దాల వెనుకటి చూపుమేరను నేటి చెట్లతో కొలవలేము.

పీచ్ దండును నిలబెట్టడం తేలిక. కంపెనీ దుస్తుల రంగు, తుపాకీ గురిమేర, పంక్తి కట్టే తీరు పుస్తకాల్లో దొరుకుతాయి. నారాయణదేవు పక్షాన నిలిచినవారికి ఏ రంగు వేయాలి? తలపాగా ఎలా చుట్టాలి? విల్లు ఎందరి చేతుల్లో, తుపాకీ ఎందరి చేతుల్లో? వారు పంక్తిగా నిలిచారా, పొదల మాటున చెదిరి ఉన్నారా? ఈ ప్రశ్నలను గంజాం జిల్లా పాత దస్త్రాలవద్దకు, జమీందారీ కుటుంబాల కాగితాలవద్దకు, వంశధార ఒడ్డు ఊళ్ల మౌఖిక కథలవద్దకు విడివిడిగా తీసుకువెళ్లాలి. అంతవరకూ జలుమూరు బల్లమీద ఒక పక్క ఎర్రకోట్లు ఉంటాయి. రెండో పక్క ఏటికొప్పాక అంకుడు కర్ర తొలిచి ఉంచినట్టు, లక్క పూయని బొమ్మలు ఉంటాయి.