గండి పడిన ఏడాది

ఉద్యోగంలో చేరినప్పుడు నింపిన ఫారంలో ఒక గడి ఉంది: చదువులో గ్యాప్ ఉంటే కారణం రాయమని. ఇంటర్‌కీ బీటెక్‌కీ మధ్య నాకొక ఏడాది ఉంది. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో గడిపిన ఏడాది. సిగ్గుపడి "అనారోగ్యం" అని రాశాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి, నాయనతో కలిసి గండికోట చూడ్డానికి పోయాను. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోటు గండి, దాని అంచున పెమ్మసాని నాయకుల కోట. గండి అంటే గ్యాపే కదా అని నవ్వొచ్చింది. ధాన్యాగారం దగ్గర కూర్చుని, నీ చదువులోనూ గ్యాప్ ఉందా అని నాయన్ని అడిగాను.

"ఎందుకు లేదు? జై ఆంధ్రా అప్పుడు ఒక ఏడాది పాయె."

తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనలు నిజాం కాలం నాటివి. అవి చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోస్తా, రాయలసీమ విద్యార్థులు రోడ్డెక్కారు. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి, కాల్పుల్లో మనుషులు చనిపోయారు. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. అంతకుముందు 1969లో తెలంగాణ పిల్లలు, తమకిచ్చిన రక్షణలు అమలు కావట్లేదని ఉద్యమించి, ఇలాగే చదువు నష్టపోయారు.

అదే 1972లో బ్రిటన్‌లో గ్యాప్ యాక్టివిటీ ప్రాజెక్ట్స్ అనే సంస్థ మొదలైంది. స్కూలు ముగించిన పిల్లల్ని కాలేజీకి ముందు విదేశాలకు స్వచ్ఛంద సేవకు పంపడం దాని పని. అక్కడ ఏడాదిని "తీసుకుంటారు". మన మాటల్లో ఏడాది "పోతుంది".

"ఏం చేసినావు నాయనా ఆ ఏడాది?"

"గొర్రెలు తోలుకోని ఈడికే వస్తాంటిమి, మా క్లాసోళ్ళం నలుగురం. రంగనాథుని గుడి మండపంలో పులిజూదం ఆడుకుంటాంటిమి."

"సిగ్గనిపించలేదా?"

"సిగ్గెందుకురా? అందరి పిల్లోళ్ళకీ పాయె గదా."

పోయిన ఏడాదిని నేను పొగడను. నాయన డిగ్రీ ఆలస్యమైంది, ఇంటి మీద ఇంకో ఏడాది ఖర్చు పడింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. కోచింగ్ హాస్టల్ గదిలో మేం ఎనిమిది మందిమి. అందరికీ అదే ఏడాది పోయింది. అయినా ఎవరికి వాళ్ళం, నా ఒక్కడికే పోయిందనుకున్నాం. ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకులు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరి ఫోన్ నంబరూ ఇప్పుడు నా దగ్గర లేదు. నాయనతో పులిజూదం ఆడినవాళ్ళలో ఇద్దరు పండక్కి ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళారు.

ఈసారి ఎవరైనా ఆ ఫారం ఇస్తే "లాంగ్‌టర్మ్" అనే రాస్తాను.