పేరున్న రాయి, పేరులేని రాయి

డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు వీకెండ్ వస్తే చాలు న్యూగ్రేంజ్ వెళ్ళి, ఆ పెద్ద సమాధి దిబ్బనీ, దాని చుట్టూ నిలబెట్టిన రాళ్ళనీ ఫోటోలు తీసుకొస్తారు. చూడదగ్గవే, కాదనను. కానీ పల్నాడులో కూడా పాతకాలపు రాతి సమాధులున్నాయంటే మాత్రం "ఏవీ, ఆ రాకాసి గుళ్ళా?" అని నవ్వేస్తారు. అవేనండీ బాబూ!

గుండ్రంగా పేర్చిన బండలు, మధ్యలో రాతి పలకల పెట్టె, అందులో ఎముకలు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, ఇనప సామాన్లు. ఇనుప యుగం నాటి సమాధులివి. అంతంత పలకల్ని మనుషులెత్తడం కల్ల అనుకుని మనవాళ్ళు రాక్షసుల ఖాతాలో వేసేశారు.

ఈ పోలిక ఎప్పుడో ఒకాయన కంట్లో పడింది. మెడోస్ టేలర్ అని, 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవల రాసినాయన. కృష్ణకి ఎగువన సురపురంలో కొలువు చేస్తూ అక్కడి సమాధులు తవ్వించి, 1860లలో ఆ వివరాలన్నీ రాయల్ ఐరిష్ అకాడమీకి సమర్పించాడు. రెండు చోట్లా కట్టినవాళ్ళకి ఏదో చుట్టరికం ఉందని ఆయన ఊహ. అది నిలబడలేదు. న్యూగ్రేంజ్ క్రీ.పూ. 3200 ప్రాంతానిది, మనవి దానికి దాదాపు రెండు వేల ఏళ్ళ తరవాతివి.

నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో బౌద్ధ ఆరామాలతో పాటు ఇలాంటి సమాధులూ బయటపడ్డాయి. డ్యామ్ వస్తోంది కాబట్టి ఆదరాబాదరాగా తవ్వారు. లోయంతా నీళ్ళలో మునిగిపోయింది.

నీళ్ళు రాని చోట ఏవి మిగిలాయి? నా లెక్క ఒకటే, ఎవరో ఒకరు పేరు పెట్టుకున్నవి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్ళలో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ రాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. కారంపూడిలో పల్నాటి వీరుల పేరిట ఉన్న రాళ్ళ జోలికి ఎవడైనా వెళ్ళమనండి చూద్దాం! (అవి ఇంత పాతవి కావనుకోండి.) ఐర్లండ్ రైతు కూడా పురావస్తు శాస్త్రం చదివి ఆగలేదు, పొలంలో రాయి కదిలిస్తే దెయ్యాలు ఊరుకోవనే ఆగాడు.

రాకాసి అన్న పేరు కూడా మొన్నమొన్నటిదాకా అలాగే కాపలా కాసింది. ఇప్పుడు ఆ భయం పోయింది, దాని స్థానంలో ఇంకేదీ రాలేదు. పత్తికీ మిరపకీ చేను చదును చేయాలంటే పొక్లెయిన్‌కి ఒక పూట పని. పైగా ఆ పలకలు గట్టుకీ, గుమ్మం ముందు మెట్టుకీ భేషుగ్గా పనికొస్తాయి.